మాత్ర నలిపింది నేనే

ఆ ఆదివారం పొద్దున్న మా జాను చెరువు గట్టు మీద గంటసేపు కదలకుండా కూర్చుంది.

తొమ్మిదేళ్ల పిల్ల. పుట్టిన దగ్గర్నుంచీ అది ఒక చోట రెండు నిమిషాలు నిలవడం నేను చూడలేదు. అలాంటిది మోటారు షెడ్డు ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, నీళ్లకు గాలి పట్టిస్తూ తిరిగే ఏరియేటర్ చక్రాలను చూస్తూ ఉండిపోయింది. నాకెంత సంబరం వేసిందంటే, ఫోన్ తీసి వీడియో తీశాను. ఇంట్లో ఉన్న మా ఆవిడ పద్మకు పంపి, కింద "మందు పనిచేస్తోంది!" అని రాశాను.

పది నిమిషాల్లో పద్మ గట్టు మీదకు వచ్చేసింది. పొయ్యి మీది కూర దించి వచ్చిందట. జాను ముందు మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏవండీ, దీని చేతులు చూసేరా? వణుకుతున్నాయి."

"పొద్దుటి చలికి అయ్యుంటుంది."

"ఏ చలండీ? చెమట్లు కారిపోతుంటేను!" అంటూ నా చెయ్యి లాగి పిల్ల గుండె మీద పెట్టింది. "చూడండి ఎలా కొట్టుకుంటోందో. ఇది బుద్ధిగా కూర్చోలేదండి. లేవలేకపోతోంది."

నా అరచేతి కింద ఆ గుండె పట్టుకున్న పిట్టలా కొట్టుకుంటోంది. జాను నా మొహంలోకి చూసి, "నాన్నా, నాకు లోపల పరిగెడుతున్నట్టుంది" అంది.

ఇది జరిగి పది నెలలు అవుతోంది. ఈ సంగతి నేను ఇదివరకే ఒకసారి లోకానికి చెప్పాను. అప్పుడు తప్పుగా చెప్పాను. ఇప్పుడు సరిగ్గా చెప్పాలని కూర్చున్నాను. సిగ్గుపడాల్సిన భాగం చాలా ఉంది. అయినా పెన్ను ఆగడం లేదు, ఎందుకంటే చివరికి చెప్పబోయేది అంత మంచి వార్త! అది ముందే చెప్పేయాలని ఉంది కానీ, వరసలో చెబితేనే మీకు పనికొస్తుంది.

మాది ఉప్పలగుప్తం దగ్గర ఒక ఊరు. నన్ను సత్తిబాబు అంటారు, నలభై ఏడేళ్లు. రెండు రొయ్యల చెరువులున్నాయి. జాహ్నవి మాకు ఒక్కతే కూతురు. రెండో తరగతి దాకా దాని పరుగులూ, దూకుళ్లూ చూసి అందరూ "అచ్చం నాన్న పోలికే" అంటుంటే నేను మీసం మెలేసేవాణ్ణి. మూడో తరగతికి వచ్చేసరికి నవ్వు తగ్గింది. నోట్సులో ప్రతి పేజీ సగం దగ్గర ఆగిపోయేది. ఆ ఏడాది నాలుగు వాటర్ బాటిళ్లు, రెండు జతల చెప్పులు, ఒక స్కూల్ బ్యాగు పోగొట్టింది. బస్సు ఆగకముందే దిగబోయి ఒకసారి పడింది. అమలాపురంలో వాళ్ల క్లాసు టీచరుగారు నన్ను పిలిచి, "తెలివి లేక కాదండీ, లెక్క నోటితో నాకన్నా ముందు చెప్పేస్తుంది. రాయమంటే రెండు అంకెలు వేసి కిటికీ వైపు వెళ్లిపోతుంది. ఒకసారి డాక్టరుకి చూపించండి, ఏమీ అనుకోకండి" అన్నారు.

కాకినాడలో పిల్లల మానసిక వైద్యం చూసే ఒక డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. ఆవిడ తొందరపడలేదు. మాకో ప్రశ్నల కాగితం, టీచరుగారికో కాగితం ఇచ్చారు. రెండు మూడుసార్లు పిల్లతో మాట్లాడారు. అన్నీ చూశాక, "ఇది పొగరూ కాదు, మీ పెంపకం తప్పూ కాదండీ. ఏడీహెచ్‌డీ అంటాం. దీనికి దారి ఉంది" అన్నారు. పద్మ అక్కడే ఏడ్చేసింది. బాధతో కాదు. అప్పటికి ఏడాదిగా మా వాళ్లందరూ తల్లి గారాబం వల్లే అంటున్నారు మరి.

మొదట కొన్ని నెలలు మందు లేకుండా, పనిని చిన్న ముక్కలు చేసి చేయించడం, టైమ్ టేబుల్ గోడకు అంటించడం లాంటివి నేర్పారు. కొంత లాభం కనపడింది, కానీ స్కూల్లో చాలలేదు. అప్పుడు మందు మొదలుపెడదామన్నారు. మిథైల్ ఫెనిడేట్ అని పేరు. దానికి ముందు బరువు, ఎత్తు, బీపీ, పల్స్ అన్నీ చూసి రాసుకున్నారు. "మీ రెండు వైపులా చిన్న వయసులో గుండె జబ్బుతో పోయిన వాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఆకలి తగ్గచ్చు, నిద్ర ఆలస్యం కావచ్చు, తలనొప్పి, కడుపునొప్పి రావచ్చు అని కూడా చెప్పారు. జాను బరువు ఇరవై నాలుగు కిలోలు.

మొదటి నెల చిన్న మాత్ర, నాలుగు గంటలు పనిచేసేది. జానుకు మాత్ర మింగడం రాదని చెబితే, "ఇది నలిపి ఇవ్వచ్చు, పరవాలేదు" అన్నారు. నలిపి ఇచ్చాం. బాగానే ఉంది. రెండో నెలలో, స్కూల్లో మధ్యాహ్నం మాత్ర వేసేవాళ్లు లేరని, రోజుకొక్కటే వేసే మాత్రకు మార్చారు. ఎక్స్‌టెండెడ్ రిలీజ్ అన్నారు.

ఆ రోజు గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. పద్మ జానును బరువు చూపించడానికి బయటకు తీసుకెళ్లింది. నా ఫోన్ మోగుతోంది, మా చెరువు దగ్గర కాపలా ఉండే మనిషి. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోయాయని. రొయ్యకు గాలి అందకపోతే ఏమవుతుందో చెరువులున్న వాళ్లకు తెలుసు. నా ప్రాణమంతా ఆ ఫోన్లో ఉంది.

డాక్టరమ్మ చెబుతున్నారు. "ఇది మొదటి దానిలా కాదండీ. నలపకూడదు, కొరకకూడదు, ముక్క చేయకూడదు. మొత్తం మింగించాలి. మింగలేకపోతే నాకు చెప్పండి, వేరేది చూద్దాం. తెలిసింది కదండీ?"

"ఆయ్" అన్నాను.

మా వైపు ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో! పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు చెబుతుంటే మధ్యలో అడగడం మర్యాద కాదని మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అర్థమైనా ఆయ్, కాకపోయినా ఆయ్. అసలు వినకపోయినా ఆయ్.

మర్నాడు పొద్దున్న జాను కొత్త మాత్రను నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. రెండోసారి ఇస్తే ఏడుపు. స్కూలు బస్సు వచ్చేస్తోంది. చెరువులో రొయ్యకు జబ్బు చేసినప్పుడు ఒక్కొక్క దాని నోట్లో మందు వేయలేం కదా. మందు పొడిని జిగురులో కలిపి, మేతకు పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లుతాం. ఇరవై ఏళ్లుగా నా చేతులకు అదే పని. ఆ పొద్దున్న కూడా ఆ చేతులే పని చేశాయి. మాత్రను గరిటె వెనక వైపుతో గట్టిగా నలిపాను. గట్టి మాత్ర, పై పెంకు ఓ పట్టాన లొంగలేదు. అయినా వదల్లేదు. ఆ పొడిని చక్కెరకేళి పండులో మెత్తగా కలిపి ఇచ్చాను. గిన్నె నాకి మరీ తినేసింది! నా తెలివికి నేనే మురిసిపోయాను.

వంటింట్లోంచి పద్మ, "వేసుకుందా అండీ?" అని అడిగింది.

"ఆ, అరటిపండుతో వేసుకుంది" అన్నాను. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. పండుతో పాటు మింగిందని పద్మ అనుకుంది. ఏడు వారాలు అలాగే అనుకుంది.

ఆ ఏడు వారాల్లో మధ్యాహ్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి వచ్చేది. బస్సు దిగుతూనే బ్యాగు విసిరికొట్టి, కారణం లేకుండా అరగంట ఏడ్చేది. తల నొప్పి, కడుపు నొప్పి. బుగ్గలు పీక్కుపోయాయి. పద్మ "డాక్టరమ్మకి ఫోన్ చేద్దామండీ" అంటే, "సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయని ముందే చెప్పేరు కదా, అలవాటవుతుంది" అని నేను కొట్టిపారేశాను. స్కూల్లో మొదటి రెండు పీరియడ్లు కదలకుండా కూర్చుంటోందని విన్నాను, అది చాలనుకున్నాను. అలా ఆ ఆదివారం వచ్చింది.

ఆటోలో అమలాపురం ఆసుపత్రికి పరిగెత్తాం. ఈసీజీ తీశారు. అక్కడి డ్యూటీ డాక్టరు కుర్రాడు, చాలా నెమ్మదస్తుడు. "గుండెలో లోపం కనపడటం లేదండీ. రిథమ్ బానే ఉంది, వేగం ఎక్కువుంది. ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగాడు. మాత్రల అట్ట చూపించాను. "ఈ మందుకి ఇలా అవ్వచ్చు. ప్రస్తుతానికి ఆపండి. మూడు నాలుగు గంటలు ఇక్కడే చూస్తాం. రేపో ఎల్లుండో మీ డాక్టరుగారిని కలవండి" అన్నాడు.

ఆయన చెప్పిన నాలుగు ముక్కల్లో నా చెవికి ఒక్కటే ఎక్కింది, ఈ మందుకి ఇలా అవ్వచ్చు అన్నది. వార్డు బయట బెంచీ మీద కూర్చుని, మా రొయ్య రైతుల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. "పిల్లలున్న వాళ్లందరూ వినండి. కుదురు రావడానికని ఇచ్చే ఈ బిళ్లలు విషం. ఒక్క జాగ్రత్త కూడా చెప్పకుండా మాకు రాసిచ్చేరు. మా పిల్ల గుండె ఆగిపోయేదే. ఎవరూ వాడకండి, వాడుతుంటే ఇవాళే ఆపేయండి."

సాయంత్రానికి జాను గుండె నెమ్మదించింది. ఇడ్లీలు మూడు తింది. నా మెసేజ్ మాత్రం అప్పటికి అల్లవరం దాటి, రాజోలు వైపు చుట్టాల గ్రూపుల్లోకి వెళ్లిపోయింది.

మంగళవారం కాకినాడ వెళ్లాం. దారంతా నేను డాక్టరమ్మను ఏమని నిలదీయాలో లోపల అనుకుంటూనే ఉన్నాను. గదిలోకి వెళ్లగానే అరిచాను కూడా. ఆవిడ అడ్డు చెప్పలేదు. జానును దగ్గర కూర్చోబెట్టుకుని పల్స్ చూశారు, బరువు చూశారు. ఇరవై ఒకటిన్నర. ఆ అంకె చూసి ఆవిడ మొహం మారింది.

"ఇంత తక్కువ డోసుకి ఇలా అవ్వడం నేను ఎక్కువగా చూళ్లేదండీ. ఈ పిల్లకి ఈ మందు పడటం లేదనుకోవాలి. ఆపేద్దాం. వేరే రకం ఉంది, అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఎంతవరకు సరిపోతుందో చూడాలి" అంటూ పెన్ను తీశారు.

నేను గెలిచినట్టు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. అప్పుడు జాను, ఎవరూ అడక్కుండానే, దాని అలవాటు ప్రకారం అందరి మాటకూ అడ్డం పడి, "అయితే ఇంక అరటిపండు మందు ఉండదా?" అంది.

పెన్ను ఆగింది. "అరటిపండు మందు ఏంటి తల్లీ?"

"నాన్న చేస్తాడు కదా. ఇలా టకటకా కొట్టి, ఇలా ఇలా తిప్పి..." అని బల్ల మీద రెండు చేతులతో చేసి చూపించింది. గరిటెతో నలపడం, వేళ్లతో పిసకడం, చివర్లో గిన్నె నాకడం కూడా. ఏదీ మరచిపోలేదు.

డాక్టరమ్మ నా వైపు చూశారు. "నలిపేరా అండీ?"

"మొదటి బిళ్ల నలపమన్నారు కదండీ..."

"మొదటిది. ఇది కాదు." సొరుగులోంచి అలాంటి మాత్రే ఒకటి తీసి అరచేతిలో పెట్టారు. "ఈ పైపెంకు ఉంది చూడండి, మందంతా దీంట్లోనే ఉన్నా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొంచెం కొంచెం వదులుతుంది. మీరు నలిపేసేరు. రోజు మొత్తానికి రావలసింది గంటలో పిల్ల ఒంట్లో పడింది. అందుకే పొద్దున్న గుండె దడ, వణుకు. మధ్యాహ్నానికి మొత్తం దిగిపోయింది, అందుకే ఇంటికొచ్చి ఏడుపు."

రోజంతటి మేత ఒక్క పూటలో చెరువులో పోస్తే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి పని పక్క చెరువు వాడు చేస్తే ఊరంతా చెప్పి నవ్వేవాణ్ణి.

"ఇంకోటండీ. పిల్ల బొమ్మలా కూర్చుండిపోతే మందు పనిచేస్తున్నట్టు కాదు, ఎక్కువైనట్టు. ఆ రోజే ఫోన్ చేయాల్సింది" అన్నారు. తర్వాత కొంచెం తగ్గి, "నేను మీకు చెప్పేనండీ, నలపకూడదని. మీరు ఆయ్ అన్నారు. ఆ మాట విని నేనూ వదిలేసేను. మళ్లీ మీ నోటితో చెప్పించుకోవాల్సింది, అది నా పొరపాటు" అన్నారు.

ఆవిడ పొరపాటు ఏమీ లేదు. ఆవిడ చెప్పారు. నేను వినలేదు. ఎవరైనా నా మొదటి మెసేజ్ విని ఉంటే, జాగ్రత్త చెప్పలేదన్న మాట అబద్ధం అని ఇక్కడ రాసి పెడుతున్నాను.

తిరుగు బస్సు యానాం వంతెన దాటి, ముమ్మిడివరం వచ్చింది. అక్కడ పద్మ కిటికీలోంచి చూస్తూనే అంది, "రొయ్య అనుకున్నారా అండీ దాన్ని?" అంతే. నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు అసలు సంబరానికి వస్తాను! డాక్టరమ్మ వారం రోజులు మందు ఏదీ వద్దన్నారు. మళ్లీ చూసి, పల్స్, బీపీ మామూలుగా ఉన్నాయని తేలాక, "ఇదే మందు సరైన పద్ధతిలో ఇచ్చి చూద్దాం. కానీ మాత్ర మింగడం వస్తేనే" అన్నారు. మింగడం కూడా ఈతలాగే నేర్పవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. సోంపు మీద పంచదార పూత పూసిన రంగురంగుల గింజలు ఉంటాయి కదా, అవి కొనుక్కోమన్నారు. నాలుక మీద ఒక్క గింజ పెట్టి, ఒక గుక్క నీళ్లు, గుటుక్. వారం అదే. తర్వాత కొంచెం పెద్ద తీపి బిళ్ల. ఆ తర్వాత ఇంకొంచెం పెద్దది. బలవంతం వద్దు, రోజుకు ఐదు నిమిషాలు చాలు అన్నారు.

జాను ఒక్కతే చేయనంది. "నాన్న కూడా మింగాలి!" అంది. ఇక రోజూ సాయంత్రం వసారాలో పోటీ. గుట్టు చెప్పేస్తున్నాను, పెద్ద మాత్రలు నాకూ గొంతు దిగవు. జ్వరం బిళ్ల కూడా విరిచి వేసుకునేవాణ్ణి. రెండో వారంలో నాకు బిళ్ల అడ్డం పడి దగ్గితే జాను పగలబడి నవ్వి, "నాన్నకి రాదు! నాన్నకి రాదు! తల పైకెత్తకూడదు నాన్నా, నిదానంగా" అని నాకే పాఠం చెప్పింది. పద్మ ఆ కాకినాడ బస్సు తర్వాత మొదటిసారి ఆ రోజే నవ్వింది.

మూడు వారాలకు మాత్రంత బిళ్ల దిగింది. మర్నాడు పొద్దున్న అసలు మాత్ర. ముగ్గురం నిలబడి ఉన్నాం. జాను నాలుక మీద పెట్టుకుంది, నీళ్లు తాగింది, కళ్లు గట్టిగా మూసింది. తర్వాత నోరు ఇంత తెరిచి, "ఎక్కడుందో చెప్పండి!" అని అరిచింది. నాలుక ఎత్తి చూశాం, బుగ్గలు చూశాం, ఎక్కడా లేదు! పద్మ దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పేసింది. నేను వీధిలోకి వెళ్లి, ఎందుకో తెలియకుండానే అటూ ఇటూ నడిచాను. స్కూలు బస్సు డ్రైవరు కూడా అడిగాడు, "ఏంటి సత్తిబాబు గారూ, లాటరీ తగిలిందా?" అని.

ఆ రోజు మొదటిసారి ఆ మాత్ర సరైన పద్ధతిలో దాని ఒంట్లోకి వెళ్లింది. గంట గంటకూ పద్మ స్కూలుకు ఫోన్ చేసింది. దడ లేదు. వణుకు లేదు. బస్సు దిగి బ్యాగు విసరలేదు. "నాన్నా, ఇవాళ డిక్టేషన్ మొత్తం రాసేను. మొత్తం!" అంటూ నోట్సు నా మొహం మీద పెట్టింది. పేజీ చివరి గీత దాకా రాసి ఉంది. తప్పులు ఆరు. ఆ ఆరు తప్పుల్ని ఎంత ముద్దుగా చూసుకున్నానో!

సరిగ్గా ఆ వారంలోనే ఒకావిడ స్కూటీ మీద మా చెరువు దగ్గరకు వచ్చింది. మంగతాయారు గారని, అల్లవరం వైపు టైలరింగ్ చేస్తారు. వాళ్లమ్మాయి ఎనిమిదో తరగతి, అదే జబ్బు, అదే మందు. డజను కొబ్బరి బొండాలు తెచ్చి గట్టు మీద దింపింది.

"మీ మాట విని మా పిల్లకి బిళ్లలు ఆపేసేనండీ. మీ పుణ్యమా అని పెద్ద గండం తప్పింది. ఒకసారి కళ్లారా చూసి చెప్పి వెళ్దామని వచ్చేను."

"ఎన్నాళ్లయిందండీ ఆపి?"

"నెల పైనేనండీ. చదువు మళ్లీ వెనకపడింది లెండి. మొన్న యూనిట్ టెస్టు కాగితం చించేసి, నేను మొద్దునమ్మా అని ఒకటే ఏడుపు. కానీ ప్రాణం ముఖ్యం కదండీ."

డాక్టరమ్మ గదిలో నిజం తెలిసి నెల దాటింది. ఇంట్లో పండగ చేసుకుంటున్నాను. గ్రూపులో ఆ మెసేజ్ మాత్రం అలాగే ఉంచాను. పదిమందిలో పరువు పోతుందని. ఆవిడ పిల్లకు మాత్ర నలిపి ఇచ్చారా అని అడిగాను. లేదట. మొదటి రోజు నుంచీ మొత్తమే మింగేదట, ఏ ఇబ్బందీ లేదట.

అక్కడే నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ వింటూ వింటూ బొండాల వైపు చూసింది, నా వైపు చూసింది.

"అంటే రొయ్యల మేతకి కలిపినట్టు కలిపేరన్నమాట."

"ఆయ్... అవునండీ."

"మరి ఆ ముక్క ఫోన్లో చెప్పడానికి గొంతు పెగల్లేదా అండీ? విషం అన్నప్పుడు బానే లేచింది కదా గొంతు!"

ఆవిడ స్కూటీ తిప్పుతూ, "బొండాలు ఉంచుకోండి. మీ పిల్లకి తాగించండి. దాని తప్పేం లేదు" అని వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత తమ డాక్టరును కలిసి మందు మళ్లీ మొదలుపెట్టామని మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత ఇంకే మెసేజూ లేదు.

ఆ మధ్యాహ్నమే గ్రూపులో రెండోసారి మాట్లాడాను. "తప్పు మందుది కాదు, డాక్టరుగారిది కాదు, నాది. నలపకూడని మాత్ర నలిపేను. మందు ఆపినవాళ్లు మీ డాక్టర్ని కలవండి" అని. పక్క ఊరి రైతు ఒకాయన వెంటనే, "సత్తిబాబు గారూ, మా చెరువులో రొయ్యకి వైట్ స్పాట్ జబ్బు వస్తే ఏ పండులో కలపమంటారు?" అని పెట్టాడు. దానికి నలభై నవ్వు బొమ్మలు. నవ్వనిచ్చాను. బాధేమిటంటే, మొదటి మెసేజ్ వెళ్లినంత దూరం రెండోది వెళ్లలేదు. తప్పు ఒప్పుకున్న మాటను ఎవరూ చుట్టాలకు పంపరు. అందుకే ఇలా రాస్తున్నాను.

మందుకు అసలు సైడ్ ఎఫెక్ట్సే లేవని నేను అనడం లేదు. సరిగ్గా వేసినా కొన్ని ఉన్నాయి. మధ్యాహ్నం డబ్బా ఇప్పటికీ సగమే ఖాళీ అవుతుంది. అందుకే మాత్రకు ముందే పెసరట్టు ఉప్మాతో కడుపు నిండా పెట్టమన్నారు. సాయంత్రం ఆరుకు దానికి ఆకలి విరుచుకుపడుతుంది, అప్పుడు చేపల పులుసుతో రెండు కంచాలు లాగిస్తుంది! మొదట్లో నిద్ర ఆలస్యమైంది. మాత్ర అరగంట ముందుకు జరిపాక సర్దుకుంది. మూడో నెలలో కళ్లు అదే పనిగా ఆర్పడం మొదలుపెట్టింది. ఆ పొద్దున్న మాత్ర దాచేద్దామని చెయ్యి డబ్బా మీదకు వెళ్లింది. వెనక్కి తీసుకుని కాకినాడకు ఫోన్ చేశాను. "వీడియో తీసి పంపండి, మీ అంతట మీరు ఏమీ మార్చకండి" అన్నారు డాక్టరమ్మ. చూసి డోసు కొంచెం తగ్గించారు. మూడు వారాల్లో ఆ ఆర్పడం పోయింది. ప్రతిసారీ ఎత్తు, బరువు, బీపీ, పల్స్ చూసి ఒక గీతల కాగితం మీద చుక్కలు పెడతారు. ఆ చుక్కలు కిందకి దిగి, ఆగి, ఇప్పుడు పైకి లేస్తున్నాయి.

పోయిన వారం జాను ఇరవై అయిదున్నర కిలోలు! ఎత్తు కూడా పెరిగింది. నర్సమ్మ అంకె చదవగానే నేను హాల్లో చప్పట్లు కొట్టాను, జాను సిగ్గుతో నా చొక్కా లాగింది. ఇప్పుడు అది గోడ మీద టైమ్ టేబుల్ తనే రాసుకుంటుంది. మొన్న వంద పేజీల కథల పుస్తకం వారంలో చదివి, కథ మొత్తం మాకు చెప్పింది, మధ్యలో మూడుసార్లు లేచి గంతులు వేసి. గంతులు పోలేదండీ, పోకూడదు కూడా. ఆ పిల్ల పిల్లలాగే ఉంది. చెప్పాలనుకున్న వాక్యం మాత్రం చివరిదాకా చెప్పగలుగుతోంది. దాని ఆనందం మీరు చూడాలి!

మీ పిల్లకు ఏ మందు, ఎంత అన్నది మీ డాక్టరు చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మందు రాయించుకున్న రోజున, ఇంట్లో దాన్ని ఎలా వేయబోతున్నారో డాక్టరు ముందే చేసి చూపించండి. గ్లాసు, స్పూను, అలవాటైన పండు, అన్నీ సంచిలో పట్టుకెళ్లండి. వెనక నలుగురు క్యూలో ఉన్నా, నవ్వుతారేమో అనిపించినా ఆగి చూపించండి. దానికి రెండు నిమిషాలు పడుతుంది. నేను ఆ రెండు నిమిషాలు ఆగలేదు, అందుకు మా పిల్ల ఏడు వారాలు ఆకలితో ఉంది.